మా ఇంటికొచ్చిన జెంబే

పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లో శనివారం సంగీతం క్లాసుకి నన్ను చేర్చింది అమ్మే. కీబోర్డు నేర్చుకుంటే కాస్త కుదురు వస్తుందని ఆమె ఆశ. నేనప్పుడు ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి. ఆ ఏడాది మాస్టారు కీబోర్డులు పక్కన పెట్టించి, పశ్చిమ ఆఫ్రికా వాళ్ల జెంబే డోళ్లు మా ముందుంచారు. తొలిచిన చెక్క, పైన మేకతోలు, చుట్టూ బిగించిన తాళ్లు. మీరు గంతులేసే సినిమా పాటల్లో దెబ్బ, అదే బీటు, ఎక్కడిదో తెలుసుకోండి అన్నారు. బానిసలుగా ఓడలెక్కించిన మనుషులు ఆ దెబ్బని అమెరికాకి మోసుకెళ్లారట. అక్కడ దొరలు డోళ్లు లాక్కుంటే తొడలు చరిచి, కాళ్లు నేలకేసి కొట్టి వాయించారట. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

సాధన చేసుకుందామని ఒక జెంబే అడిగి ముత్తియాల్‌పేటలోని మా ఇంటికి తెచ్చాను. అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాను. మా వీధిలో తోలువాద్యం మోగేది శవం లేచేటప్పుడే. వీధిలో శవం ఉంటే అది కదిలేదాకా ఎవరింట్లోనూ పొయ్యి వెలగదు. వాయించే హుషారులో నాకది తట్టనే లేదు. ఎదురింటి పెద్దమ్మ పొయ్యి ఆర్పేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“ఎవురు పోయినారే? మీ తాతా?”

వెనకాలే మూల మీది పూలకొట్టాయన మాలతో సహా దిగాడు. కాఫీ గ్లాసుతో బయటికొచ్చిన తాత ఆ మాల వంక చూసి, “నాకేనా?” అన్నాడు. అందరూ నవ్వారు, అమ్మ తప్ప.

“ఏందే ఈ పని? సావు మేళం ఇంటికి తెస్తావా? రేపే ఇచ్చేసిరా. ఇంక ఆ క్లాసుకి పోవద్దు.”

“పోతాను. ఈ దెబ్బకే కదమ్మా నువ్వు వంటింట్లో ఊగేది? పాట లోపలికి రావచ్చు, తోలు రాకూడదా?”

“అది వాయించేవాళ్లు వేరే ఉండారు.”

ఆ వేరేవాళ్లు మా వీధి చివరే ఉంటారు. చావుకి కబురు పెట్టి పిలిపిస్తారు, మజ్జిగ మాత్రం గేటు బయటే పోస్తారు. చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ పూట మాత్రం ఊరుకోవడం నా వల్ల కాలేదు. అందరి ముందూ మళ్లీ వాయించాను, అరచేతులు కందిపోయేదాకా. పెద్దమ్మ తిట్టుకుంటూ వెళ్లి పొయ్యి వెలిగించుకుంది.

దీపాలు పెట్టే వేళకి అమ్మ కొంచెం చల్లబడింది. చావింటి నుంచి వచ్చినవాళ్లకి పెట్టినట్టు గడప బయట బిందెతో నీళ్లు పెట్టింది.

“తలకి పోసుకొని రా. క్లాసుకి పోదువులే.”

పోసుకుంటే క్లాసు దక్కుతుంది. పోసుకుంటే ఆ తోలు అంటు అని, దాన్ని వాయించే చేతులు అంటు అని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. క్లాసు పోతే పోనీ అనుకున్నాను. భయం వేసింది, అయినా లేచాను.

“ఎవురూ సావలేదు కదమ్మా,” అని, జెంబేని చంకలో ఇరికించుకుని, పొడి తలతో గడప దాటి ఇంట్లోకి వెళ్లాను.