చెంబెడు నీళ్ళు తగ్గిన కారు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే లేచి అవతలికి పోయే రకం నేను. నా బతుకంతా ఇంజన్ల కింద గడిచింది. నీళ్ళు తగ్గాయంటే ఎక్కడో కారాలి, లేదా ఆవిరి కావాలి, లేదా ఇంజనే తాగాలి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళకు ఈ ముక్క తిట్టి మరీ నేర్పాను.

ఇది పందొమ్మిదివందల యాభైల్లో, కడపలో నాకు షెడ్డు ఉన్నప్పటి మాట. వానల్లేక బావులు అడుగంటిన ఎండాకాలం. కమలాపురం దగ్గరి పల్లెలో ఒక పెద్ద రైతుకు యుద్ధానికి ముందు కొన్న కారు ఉండేది. ఆయనను ఎక్కించుకుని డ్రైవర్ ఖాసిం దాన్ని నా షెడ్డుకు తెచ్చాడు. ఊరి నుంచి కడపకు వచ్చేసరికి రేడియేటర్‌లో చెంబెడు నీళ్ళు తగ్గుతున్నాయట.

“మా చిన్నకోడలికి నెలలు నిండినాయప్పా,” అన్నాడు రైతు. “పోయినేడు పెద్దకోడలిని కాన్పుకని ఈ బండిలోనే తెస్తాంటే దోవలోనే పాణం పోయింది. ఈ పిల్లనన్నా ఆసుపత్రికి చేర్చాల. బండిని నమ్మొచ్చునో లేదో నువ్వే చెప్పు.”

ఆ భారం నా నెత్తిన పడింది. మూడు రోజులు బండితో కుస్తీ పట్టాను. రబ్బరు గొట్టాలు మార్చాను. మా సీమవి ఉప్పునీళ్ళు, కారిన చోటల్లా ఆరి తెల్లటి చార కడతాయి. ఎక్కడా చార లేదు. నీళ్ళు కలిస్తే ఆయిల్ మజ్జిగలా తెల్లబడాలి, నల్లగానే ఉంది. ప్లగ్గులు పొడిగా ఉన్నాయి. పొగ గొట్టంలో ఆవిరి లేదు. పొంగిన నీళ్ళు బయటికి పోయే గొట్టానికి సీసా కట్టాను, అందులో చుక్క పడలేదు. కడప వీధుల్లో ఎంత తిప్పినా నీళ్ళు తగ్గవు. ఆ ఊరి దోవ పట్టిస్తేనే తగ్గుతాయి. నాకు అన్నం సయించలేదు. ఇంట్లో అందరి మీదా కసురుకున్నాను.

నాలుగో రోజు రేడియేటర్‌లో గుప్పెడు పసుపు వేశాను. సన్న చిల్లులుంటే పూడుతాయి, పూడకపోతే కారిన చోట రంగైనా కనబడుతుంది. మెకానిక్కులకు తెలిసిన చిట్కానే. మిట్టమధ్యాహ్నం నేనూ ఖాసిమూ ముందు సీట్లో కూర్చుని కమలాపురం దాకా పోయి వచ్చాం. వెనక ఎవరూ లేరు.

గుడ్డ చుట్టి మూత తీశాను. చెంబెడు తక్కువ. బండి కిందికి దూరి వెతికాను, పసుపు మరక ఒక్కటీ లేదు. విసుగొచ్చి, చేతిలోని పానా వెనక పడేద్దామని తలుపు తీశాను.

సీటు మీద కుడిపక్క తడి. పసుపు రంగు తడి. ఇంజన్ సలసల కాగుతోంది, ఇది మాత్రం కుండనీళ్ళంత చల్లగా ఉంది. ఇంజన్ నుంచి వెనక సీటుకు ఏ గొట్టమూ పోదు.

ఖాసిం అది చూసి నేల మీద కూలబడ్డాడు.

“పెద్దకోడలమ్మ ఆడే కూచోనుండె మేస్త్రీ. పాపఘ్ని ఏరు దాటినాక బండి కాగి నిలబడిపాయ. నీళ్ళియ్యన్నా, గొంతు ఎండుతాండాది అనె. నా తాన చెంబెడే ఉండాయి. బండి కదిలితేనే ఆయమ్మ బతుకుతాదనుకుంటి. బండికే పోస్తి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలే.”

నేనైనా అదే చేసేవాణ్ణి. ఆ మాటే అతనితో అన్నాను. అతని ఏడుపు ఆగలేదు.

బండిలో లోపం లేదని రైతుకు చెప్పాను గానీ, నాకే ధైర్యం చాలక వాళ్ళ ఊరికి పోయి ఉండి, కాన్పు రోజున నేనూ ఎక్కాను. వెనక చిన్నకోడలు నొప్పులతో మూలుగుతోంది, పక్కన అత్తగారు. పాపఘ్ని దాటాక ఖాసిం బండి ఆపి దిగాడు. రోడ్డు పక్క మట్టిలో చెంబెడు నీళ్ళు మెల్లగా పోశాడు.

“ఎవరికప్పా ఆ నీళ్ళు?” అంది అత్తగారు.

“పెద్దకోడలమ్మకు,” అన్నాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కడప చేరాక చూస్తే రేడియేటర్ నిండుగా ఉంది. ఆ సాయంత్రం చిన్నకోడలికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ బండిలో మళ్ళీ ఎప్పుడూ నీళ్ళు తగ్గలేదు.

పసుపే ఏదో చిల్లి పూడ్చిందని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. సరే, మరి ఆ సీటు మీద తడి ఎక్కడిది? ఈనాటికీ తేల్చలేకపోయాను. దయ్యమని మాత్రం నోరు తెరిచి అనలేను.

కానీ దారిలో ఏ బండి కాగి ఆగినా, నీళ్ళు చేతికి తీసుకుని మొదట వెనక తలుపు తీస్తాను. లోపలున్నవాళ్ళకు దాహంగా ఉందేమో అడుగుతాను. ఆ తర్వాతే మూత మీద చెయ్యి వేస్తాను.