అరివేణి కుండ మీద గీత

ఇన్నేళ్లుగా ఒక గీతను మోస్తున్నాను. జానెడు కూడా ఉండదు. వెంట్రుకంత సన్నం. అంత తేలికైనది ఇంత బరువెలా అవుతుందో నేను చదివిన పుస్తకాల్లో లేదు. చదివింది బి.ఏ. కాబట్టి ఉండకపోవడంలో వింత లేదనుకోండి. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నేనక్కడ కాలేజీలో ఉన్నాను. ఊరినిండా కొత్త ఆఫీసులు, వాటికి బోర్డులు, ఆ బోర్డులు రాసేవాళ్ల దగ్గర డబ్బా అడుగున మిగిలిన ఎనామిల్ రంగులు. వెదురు గొట్టంలో ఆ రంగు పోసి, మూతికి కంబళి ముక్కను వత్తిలా బిగించి రంగుకలం ఒకటి చేసుకున్నాను. సిగరెట్ డబ్బాలు, పీటలు, లాంతర్లు, కదలకుండా ఉన్న ప్రతిదాని మీదా పూలు గీసేవాణ్ని. కదిలేవాళ్లు తప్పించుకున్నారు.

మా ఊరు ఒంటిమిట్ట దగ్గర. చిన్నాయన కూతురి పెండ్లికి వచ్చాను. మా వైపు పెండ్లికి అరివేణి కుండలు ఉండాలి. సున్నం, ఎర్రమన్ను పూసి, బొమ్మలు వేసి, కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెస్తారు. మా ఊళ్లో ఆ హక్కు ఓబులమ్మ ఇంటిది. మొగుడు చేసిన కుండలకు ఈతపుల్లతో ఆమె బొమ్మలు వేసేది. నా కలం చూసి, వత్తి ఉండాది గదా, నూనె పోసి దీపం పెట్టుకోమంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎప్పుడూ నవ్వించేవాడికి ఇంకొకరి మాట అంత సులువుగా అరగదు.

మధ్యాహ్నం అందరూ పంక్తిలో ఉండగా, పెద్ద కుండ మీద నల్లరంగుతో ఒక నెర్రె గీశాను. నిజం నెర్రె ఎలా వంకర పోతుందో అలాగే. ఓబులమ్మను కాసేపు ఉడికించి కిరసనాయిలు గుడ్డతో తుడిచేద్దామని. కానీ ముందుగా వచ్చి దాన్ని చూసింది మా పెదనాయన.

నా బొమ్మల్లో ఎవరూ వంక పెట్టనిది అదొక్కటే.

పెండ్లి కుండ పగిలిందంటే పెండ్లింట్లో ఏమవుతుందో చెప్పాలా? ఓబులమ్మ పరుగున వచ్చింది. బొటనవేలితో రుద్దింది. రంగు అప్పటికే సున్నంలోకి ఇంకింది, పోలేదు. పగలని కుండ కంగుమంటుందని కొట్టి చూపించింది. మేళం మోతలో ఎవరికీ వినపడలేదు. అప్పుడు నా వైపు తిరిగింది.

"సదువుకున్నోడివి. నువ్వన్నా కొట్టి చూడు నాయనా. కంగుమంటాదో లేదో నువ్వే చెప్పు."

చెవి ఆనించి కొట్టాను. కంగుమంది.

"ఏమంటాదిరా?" అన్నాడు పెదనాయన.

"పగిలింది," అన్నాను.

ఎందుకన్నాను? తన్నులకు భయపడా? పెండ్లింట్లో నన్నెవరు తన్నుతారు? నలుగురి ముందు పిచ్చివాణ్నవుతానని, అంతే. నన్ను అడిగేటప్పుడు ఆమె నా వేళ్ల మీది నల్లమరకను చూసిందా? తెలిసే, నా నోటితోనే ఒప్పుకునే దారి నాకు చూపించిందా? తెలిసినా మా ఇంటి వాణ్ని ఆమె ఏమనగలదు? ఈ ప్రశ్న నన్ను బతకనివ్వదు.

కుండను బయట పారేయమని నాకే చెప్పారు. పారేశాను. అప్పుడు నిజంగా పగిలింది.

కొత్త కుండలు రాజంపేట నుంచి వచ్చాయి. పెండ్లి బాగానే జరిగింది. మా చెల్లెలి కాపురానికి ఏ లోటూ లేదు, పోట్లాడుకోవడానికి తీరిక దొరకనంతమంది పిల్లలు. ఓబులమ్మను మాత్రం తర్వాత ఏ పెండ్లికీ పిలవలేదు. ఆమె చేతి కుండలో నీళ్లు తాగడానికి కూడా జనం జంకారు. రెండేళ్లు చూసి మొగుడూ పెళ్లామూ కడప దగ్గర ఇటుకల బట్టీకి పోయారు.

అక్కడికి రెండుసార్లు పోయాను. రెండుసార్లూ బట్టీ దాకా నడిచి, తట్ట నెత్తిన పెట్టుకున్న ఆమెను దూరం నుంచి చూసి, బస్సుకు టైమైందని నాకు నేనే చెప్పుకుని తిరిగొచ్చాను. మూడోసారి పోయేసరికి ఆ బట్టీలో వాళ్లు లేరు. యాడికి పోయినారో ఎవరూ చెప్పలేకపోయారు. ఇప్పుడెక్కడ వెతకను? ఎవరిని అడగను?

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ దగ్గర లేదు. ఆ రోజు పెదనాయన అడిగినదానికి జవాబు మాత్రం చెప్పనివ్వండి. ఓబులమ్మ కుండ కంగుమంది. నేను విన్నాను.