గండం మోయని చేప

వేణుకు ఇంట్లో ఉద్యోగం ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. పొద్దున్నే కాఫీ కలపాలి, భార్యకు మధ్యాహ్నం డబ్బా కట్టాలి, అత్తగారికి బీపీ మాత్ర అందించాలి, హాల్లో గాజు తొట్టిలో ఉన్న చేపను చూసుకోవాలి. మొదటి మూడు పనులకీ మెచ్చుకునే నాథుడు లేడు. నాలుగో పనికి మాత్రం చేప మెచ్చుకునేది.

అలాగని అతను పుట్టు సోమరి కాదు. జనగామ పక్క ఊళ్లో పుట్టి, డిగ్రీ పూర్తిచేసి, మాదాపూర్‌లో ఒక కంపెనీకి క్యాబులు పంపించే డెస్కులో కూర్చున్నాడు. ఎవరిని ఎక్కడ ఎక్కించుకోవాలో, ఎవరిని ముందు దింపాలో అతని నోటికి వచ్చేది. ప్రియదర్శిని ఆ కంపెనీలోనే ఇంజినీరు. క్యాబు ఆలస్యమైతే ఫోనులో కడిగిపారేసేది. ఆ తిట్లలోంచే పెళ్లి పుట్టుకొచ్చింది. ఆ తర్వాత లోకమంతా ఇళ్లలో కూర్చుని పనిచేసే రోజులొచ్చాయి, క్యాబులు ఆగిపోయాయి, డెస్కు ఎగిరిపోయింది. ఆఫీసులు మళ్లీ తెరిచేసరికి ఆ పని ఫోనులోని యాప్ నేర్చేసుకుంది. ప్రియ మాత్రం మెట్టు మీద మెట్టు ఎక్కి కొండాపూర్‌లో ఫ్లాటు కొంది. సిద్దిపేట నుంచి వాళ్లమ్మ పద్మావతమ్మ కూతురికి తోడుగా వచ్చింది. వచ్చి, అల్లుడికి పైఅధికారిగా కుదురుకుంది.

గృహప్రవేశానికి చేపను తెచ్చింది కూడా ఆవిడే. ఫ్లవర్‌హార్న్ అంటారు దాన్ని, సిక్లిడ్లనే చేపల జాతిది. ఎర్రటి ఒళ్లు, నెత్తిమీద తలుపుకు కొట్టుకున్నట్టు ఇంత బొప్పి. ఎంత బొప్పి ఉంటే ఇంటికి అంత కలిసొస్తుందని అమ్మేవాడు చెప్పాడు. ఇంటికి గండం వస్తే తను మోసి, ప్రాణం విడిచి, ఇంటివాళ్లను కాపాడుతుందని కూడా చెప్పాడు. పద్మావతమ్మ ఈ రెండో మాటను కొంగున ముడేసుకుంది.

దానికి దొర అని పేరు పెట్టింది వేణు. పెట్టక ఏం చేస్తాడు? పక్కన ఇంకో చేపను బతకనివ్వదు, అద్దంలో తన నీడతోనే కొట్లాటకు పోతుంది, అడుగున పరిచిన గులకరాళ్లను నోటితో ఎత్తి తనకు నచ్చిన మూలన కుప్ప పోసుకుంటుంది. ఒకసారి పద్మావతమ్మ ముచ్చటపడి నీళ్లలో వేలు పెడితే కసుక్కున కొరికింది. అదే వేణు అయితే, అతను వంటింట్లోంచి హాల్లోకి వస్తే చాలు, గాజు వెంట తోక ఊపుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేది. అరచెయ్యి ముంచితే అందులో పడుకుని మేత తినేది.

ఊరికే వస్తుందా ఆ మాలిమి? నీళ్లన్నీ ఒక్కసారే పారబోసి కొత్తవి పోస్తే చేప తట్టుకోలేదు. వారానికోసారి సన్నటి గొట్టంతో అడుగున మురికిని లాగి, మూడోవంతు నీళ్లు మాత్రమే తీసి, కొత్త నీళ్లలో మందు చుక్కలు వేసి, క్లోరిన్ విరిగాకే పోసేవాడు. ఫిల్టరులోని స్పంజిని కుళాయి కింద కడగకుండా తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండేవాడు. మంచి క్రిములు చచ్చిపోకూడదు మరి! అపార్టుమెంటు సంపులో బ్లీచింగ్ వేసిన రోజున వాచ్‌మన్ పోచయ్య మరిచిపోకుండా ఫోన్ చేసేవాడు, "వేణు సారూ, ఇయ్యాల నీళ్లు ఘాటున్నయ్. నీ చాపకు పొయ్యకు," అని.

ఇలా సాగుతుండగా ప్రియ ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారన్న పుకారు లేచింది. ఆ పిల్లకు నిద్ర పోయింది, తిండి పోయింది. ఫోను కుయ్యిమంటే ఉలిక్కిపడేది. ఆమె జీతం ఆగితే ఫ్లాటు బ్యాంకువాళ్లది.

పద్మావతమ్మ సోఫాలో కూర్చుని తొట్టివైపు చూసింది.

"పై ఫ్లాటు మమతోళ్ల చాప సచ్చిన వారానికే గద, ఆమె మొగని కారు ఔటర్ రింగు మీద బోల్తా పడ్డది? మనిషికి గీత వడలే. ఎందుకు వడలే? చాప మోసింది. మనది సూడు, ఇంటిమీదికి ఇంత గండమొస్తుంటె దున్నపోతు లెక్క బలుస్తుంది."

"అది మంచిగుంటె మంచిదే గద అత్తమ్మా."

"నువ్వు దాన్ని బలిపిస్తున్నవ్. నువ్వేం గండం మోసినవ్ అల్లుడా ఈ ఇంట్ల? తిని గూసున్నవ్. దాన్నన్న మొయ్యనియ్యవైతివి."

ప్రియ మొదట్లో నవ్వింది. "ఏందమ్మా, గిట్ల మాట్లాడ్తవ్?" అంది. వారం తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. ఒక పొద్దున చెప్పులు వేసుకుంటూ తలెత్తకుండానే అడిగింది.

"దొర ఎట్లుంది?"

"మస్తుంది. నిన్న రెండింతలు తిన్నది," అన్నాడు వేణు హుషారుగా.

ఆమె ముఖం వాడిపోయింది. ఒక్క క్షణమే. కానీ వేణు చూశాడు. పెళ్లానికి తన వల్ల కావలసిన పని ఇన్నాళ్లకు ఒకటి కనబడింది.

శుక్రవారం ఆఫీసులో పేర్లు చెబుతారన్నారు. ఆ పొద్దున ప్రియ వెళ్లాక పోచయ్య ఫోన్ చేశాడు.

"సారూ, సంపుల బ్లీచింగ్ జర ఎక్కువే ఏసిండ్రు. ఇయ్యాల పొయ్యకుండ్రి."

"సరే పోచయ్యా," అన్నాడు వేణు. ఫోను పెట్టేసి గొట్టం తీసుకున్నాడు.

పద్మావతమ్మ లోపల టీవీ పెట్టుకుంది. వేణు ఎప్పటికన్నా ఎక్కువ నీళ్లు లాగేశాడు. కుళాయి కింద బకెట్ నింపితే వాసనకు ముక్కు మండింది. మందు చుక్కల సీసా చేతికి అందేచోటే ఉంది. దాన్ని తీసి అలమరలో పెట్టాడు. బకెట్ ఎత్తి పోస్తుంటే, మేత వేస్తున్నాడనుకుని దొర ఎదురొచ్చింది.

చంపుతున్నానని అనుకోలేదు అతను. నీళ్లు మారుస్తున్నాను, అంతే, అనుకున్నాడు.

కాసేపటికి దొర మొప్పలు ఎగరేస్తూ పైకి తేలింది. గాజుకు కొట్టుకుంది. రంగు వెలిసింది. వేణు ఉండబట్టలేక నీళ్లలో చెయ్యి పెట్టాడు. అది వచ్చి అరచేతిలో పక్కకు ఒరిగి, నోరు తెరిచి మూసింది. ఇంకా మించిపోలేదని, చుక్కలు వేసి నిల్వనీళ్లు పోస్తే బతకొచ్చని అతనికి తెలుసు. చెయ్యి బయటికి తీసి, తుడుచుకుని, బియ్యం కడగడానికి పోయాడు.

సాయంత్రం ప్రియ లిఫ్టులోంచే అరుచుకుంటూ వచ్చింది. "అమ్మా, నా పేరు లేదు! ఉద్యోగం ఉన్నది!" హాల్లోకి వచ్చి తొట్టి చూసి ఆగిపోయింది. పద్మావతమ్మ రెండు చేతులూ జోడించింది.

"మోసిందే తల్లీ, మోసింది! నీ గండం మింగి పోయింది!"

ప్రియ వెక్కివెక్కి ఏడ్చింది. పోచయ్యతో పూలకుండీల పక్కన గుంట తవ్వించి పూడ్చారు. వేణు ఫోనులోంచి ఫోటో తీసుకుని, ఫ్రేము కట్టించి, చందనం దండ వేసి తొట్టిమీద పెట్టారు. మమత వచ్చి చూసి దండం పెట్టుకుంది. అందరికీ లడ్డూలు పంచారు.

"ఇంట్ల తిన్నందుకు విశ్వాసమంటే అదీ," అంది పద్మావతమ్మ మమతతో. "కొందరు తింటనే ఉంటరు."

చేప పోయిన బాధను వేణు దిగమింగాడు. దండను మాత్రం మింగలేకపోయాడు. చేసింది తను, మొక్కులు దానికా? ఒక్క మంచి మాట కోసం ప్రాణం కొట్టుకులాడింది. ఆదివారం అన్నాల దగ్గర కక్కేశాడు.

"ప్రియా, దొర దానంతట అది పోలే. నేనే బ్లీచింగ్ నీళ్లు పోసిన. నీకోసం."

చెప్పి, ఆమె ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు. ప్రియ చేతిలో ముద్ద ఆగింది.

"నీ చేతిల తినేది గద అది."

"నీ ఉద్యోగం నిలవడాలని..."

"నా ఉద్యోగం నా పనితోని నిలవడ్డది వేణూ."

"మరి దండెందుకు ఏసినవ్?"

ఆమె ముద్దను కంచంలో వదిలేసి అతని చేతులకేసి చూసింది. జవాబు పద్మావతమ్మ చెప్పింది.

"నేను సంపుమన్ననా? దానంతట అది పోతె గండం మోసినట్టు. నువ్వు సంపితె అది పాపం. మరి గండం ఏడికి వోయింది? యాడికి వోలే. ఇంట్లనే ఉన్నది." ఆవిడ చూపు హాలంతా తిరిగి, కూతురిని దాటి, అల్లుడి మీద ఆగింది. "ఇగ ఎవలు మోస్తరో."

"అమ్మా, ఊకో," అంది ప్రియ. ఊరుకోమన్నదే గాని, కాదనలేదు.

సోమవారం వేణు మామూలుగానే లేచి కాఫీ కలిపాడు. ప్రియ కప్పు అందుకుని, సింకులో ఒంపేసి, "ఆఫీసుల తాగుత," అంది. కట్టిన డబ్బా బల్లమీదే ఉండిపోయింది. మాత్ర అందించబోతే అత్తగారు వద్దని, పట్టీలోంచి తనే కొత్తది చింపుకుంది.

మధ్యాహ్నం ఆ డబ్బా తనే తెరిచి తినడం మొదలుపెట్టాడు వేణు. పద్మావతమ్మ ఎదురుగా కూర్చుంది, కంచం పెట్టుకోలేదు. అతను వంకాయ కూర, చారు, పెరుగు అన్నీ తిని, చెయ్యి కడుక్కుని, గుటగుటా నీళ్లు తాగేదాకా చూసింది. ఇంకొంచెం సేపు కూడా చూసింది. అప్పుడు లేచి, ఆ కూర వండిన గిన్నెలోంచే తనకు వడ్డించుకుంది.