పద్నాలుగు ఇళ్ళ బెండకాయల కొనలు

2023 వానాకాలం నాటికి నేను కూరగాయల వ్యాపారంలోకి దిగి ఏడాదిన్నర అయింది. వ్యాపారం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక ట్రాలీ ఆటో, ముప్పై ప్లాస్టిక్ క్రేట్లు, కాటా ముందు కూర్చుని నన్ను తిట్టడానికి మా చెల్లెలు షాహినా. నందిగామ, చిల్లకల్లు చుట్టుపక్కల పొలాల్లో తెల్లవారగానే కోసిన కూరగాయల్ని ఆ పొద్దున్నే జగ్గయ్యపేట ఇళ్ళకి చేర్చడం మా పని. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి. దీన్ని మా లైన్లో సబ్‌స్క్రిప్షన్ అంటారు. ఇంట్లో ఎంతమంది తింటారో చెప్పి చేరితే, అంతమందికీ మూడు నాలుగు రోజులకి సరిపడా కూరలు ఒక సంచిలో వస్తాయి. ఏం కావాలో మీరు చెప్పరు, పొలంలో ఏం కాస్తే అదే మీరు తింటారు. సొరకాయలు విరగకాసిన నెలలో ఈ నియమం వల్ల నన్ను పలకరించేవాళ్ళు బాగా తగ్గిపోయారు.

మా కరపత్రం మీద నేను సొంతంగా రాసుకున్న వాక్యం ఒకటి ఉండేది: "పొలం నుంచి నేరుగా మీ వంటింటికి. మధ్యలో ఇంకెవరి చెయ్యీ పడదు." రాసిన రోజు చాలా గర్వపడ్డాను. షాహినా మాత్రం, "మరి నా చేతులేంటి, కాళ్ళా?" అని అడిగింది. దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

జగ్గయ్యపేటలో ఒక వీధిలో మాకు పద్నాలుగు ఇళ్ళు ఉండేవి. అన్ని గుమ్మాల ముందూ ఆటో ఆపితే నాలుగో ఇంటి దగ్గరే ఎండ ఎక్కేస్తుంది. అందుకని వీధికొక డ్రాప్ పాయింట్ పెట్టుకుంటాం. అంటే పొద్దున ఏడింటికి సంచులన్నీ ఒకే ఇంటి వరండాలో దింపేసి వెళ్ళిపోతాం, ఎనిమిది దాటాక ఎవరి పేరున్న సంచి వాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. ఈ వీధికి డ్రాప్ పాయింట్ వెంకటరత్నం గారి వరండా. ఆయన సిమెంటు ఫ్యాక్టరీ లేబొరేటరీలో పనిచేసి రిటైరయ్యారు. మోకాలి ఆపరేషన్ అయింది, షుగర్ కూడా ఉంది. ఆకుకూరలూ కాయగూరలూ ఎక్కువ తినమని డాక్టరు చెప్పాడని, ఆయన భార్య సత్యవతి గారు ఆ వీధిలో అందరికంటే ముందు మా దగ్గర చేరారు. మిగతా పదమూడు ఇళ్ళనీ చేర్పించింది కూడా ఆవిడే.

వానలు మొదలైన కొన్నాళ్ళకి మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడింది. ప్లేటులో బెండకాయలు, చివరలన్నీ నల్లగా, జిగురుగా. పెళ్ళి ఫోటో కూడా అంత శ్రద్ధగా తీసి ఉండరు. వచ్చింది నిన్ననేనని, ఇవాళ్టికే ఇలా అయ్యాయని కింద రాశారు. మరుసటి డెలివరీకి ఫోటోలు ఐదయ్యాయి, ఆ తర్వాత తొమ్మిది. అన్నీ ఆ ఒక్క వీధివే. పిల్లలు తినే ఒక్క కూరా ఇలా పాడైతే ఇక మానేస్తామని ఒకావిడ రాస్తే, కింద పదకొండు బొటనవేళ్ళు లేచాయి. మా వాట్సాప్ గ్రూపులో అంతకుముందు అంత ఐకమత్యం నేను చూడలేదు.

ఆ బెండకాయలు మరియమ్మ పిన్నివి. పిన్ని అంటే చుట్టరికం కాదు. చిల్లకల్లు దగ్గర ఎకరన్నర పొలం ఉన్న రైతు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి ఆ చేలో పత్తే. నేను వెళ్ళి, కూరగాయలకి నా దగ్గర ఇళ్ళున్నాయి, నమ్ము అని చెబితే, అరెకరంలో పత్తి మానుకుని బెండ పెట్టింది. బెండతో వచ్చిన చిక్కేమిటంటే రెండు మూడు రోజులకోసారి కొయ్యాల్సిందే. ఒక్క కోత తప్పితే కాయ ముదిరి కర్రవుతుంది, చెట్టు కాపు తగ్గిస్తుంది. ఆ వీధి మానేస్తే అన్ని కాయలు దింపడానికి నాకు వేరే చోటు లేదు. ఇంకా నెలన్నర కాపు మిగిలి ఉంది.

ఫోటోలు చూపించాను. పిన్ని ఫోన్ని దూరంగా పట్టుకుని చూసి తిరిగిచ్చేసింది.

"ఏరా నాగూరూ, నా కాయ రెండో రోజుకి నల్లబడుద్దా?"

"నేననలేదు పిన్నీ, వాళ్ళంటున్నారు."

"నీ మాట మీద అరెకరంలో పత్తి ఆపుకున్నా. వచ్చే వారం శుక్రవారం లోపల తేల్చు. తేలకపోతే దున్నించేస్తా."

గొంతు పెంచకుండా చెప్పింది. పిన్ని గొంతు పెంచితే భయం లేదు, అరిచాక మజ్జిగ ఇస్తుంది. ఆ రోజు మజ్జిగ లేదు.

నేను దర్యాప్తు మొదలుపెట్టాను. మొదటి అనుమానం ఫీల్డ్ హీట్ మీద. కోసిన కాయలో పొలం వేడి కాసేపు ఉంటుంది. అది తగ్గకుండా సంచిలో కుక్కితే లోపలే చెమటపట్టి పాడవుతుంది. కానీ పిన్ని కాయల్ని మోటారు షెడ్డులో గోనె మీద పరిచి, చల్లారాకే క్రేటులో పోస్తుంది. రెండో అనుమానం షాహినా మీద, తడి చేత్తో సర్దుతోందేమోనని. అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "ఇక్కడ తడిగా ఉన్నది నీ మెదడొక్కటే," అని ఆ పూట సంచులన్నీ నా చేతే కట్టించింది.

చివరికి చదువుకున్నవాడు చేసే పని ఒకటి చేశాను. అదే క్రేటులోంచి అరకిలో తీసి మా ఇంట్లో పెట్టాను. మూడు రోజులైనా నిక్షేపంగా ఉన్నాయి. అప్పుడు ఆ వీధిలో ఒకరింటికి వెళ్ళి నల్లబడ్డ కాయలు అడిగి తెచ్చుకుని, మా ఇంటి కాయల పక్కన పెట్టి చూశాను. మా కాయలకి కొనలున్నాయి. వాళ్ళ కాయలకి లేవు. ఒక్కదానికి కూడా.

ఇంత చిన్న విషయం తొమ్మిది ఇళ్ళలో ఎవరూ ఎందుకు గమనించలేదంటే, మన దగ్గర కొన విరిగిన బెండకాయ వింతేమీ కాదు. బెండకాయ కనబడితే కొన విరిచి చూడటం మనకి పుట్టుకతో వచ్చిన విద్య. టక్కుమని విరిగితే లేత, వంగితే ముదురు. బజార్లో అమ్మేవాళ్ళు ఎంత మొత్తుకున్నా విరుస్తూనే ఉంటాం. కొనలు ఎవరు విరిచారని ఆ ఇళ్ళలో అడిగితే, కోడలు అత్తయ్య అనుకుంది, అత్త కోడలనుకుంది, ఒకాయన ఇద్దరూ అనుకుని ఊరుకున్నాడు. ఇంటి శాంతి కోసం మగవాళ్ళు చేసే త్యాగాల్లో ఇదొకటి.

మంగళవారం ఏడింటికి వరండాలో సంచులు దింపి, ఆటో మలుపు అవతల పెట్టి వచ్చి, ఎదురుగా ఉన్న టీ కొట్టులో కూర్చున్నాను. ముందు ఒక మేక వచ్చింది. పక్కింటి వాళ్ళది. వచ్చి వెంకటరత్నం గారి గేటు ముందు, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. అది మంగళ శుక్రవారాల్లోనే వస్తుందని టీ కొట్టాయన చెప్పాడు. మా డెలివరీ టైము అంత కచ్చితంగా తెలిసిన కస్టమర్ నాకు ఇంకొకరు లేరు.

తర్వాత వెంకటరత్నం గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, కళ్ళజోడు, చేతిలో ప్లాస్టిక్ స్టూలు. మొదటి సంచి విప్పి, బెండకాయలు ఒళ్ళో పోసుకున్నారు. టక్. టక్. టక్. విరిచిన కొనల్ని ఒక గిన్నెలో వేసి, కాయల్ని మళ్ళీ సంచిలో పెట్టి, ముడి నేను వేసినదానికన్నా అందంగా వేశారు. ముదురని తేలిన కాయని పక్కన పెట్టి నిట్టూర్చారు. అలా పద్నాలుగు సంచులూ. ఆఖర్న గిన్నె గేటు దగ్గరికి తీసుకెళ్ళి మేక ముందు బోర్లించారు. నా సర్వీసుతో పూర్తిగా తృప్తి చెందిన ఏకైక ప్రాణి అది.

నేను రోడ్డు దాటి వెళ్ళాను. ఆయన తడబడలేదు. పైగా నాకోసమే ఎదురుచూస్తున్నట్టు స్టూలు జరిపారు.

"రావయ్యా. ఇవాళ ఆరే ముదురు వచ్చినయ్. కిందటి వారం తొమ్మిది. ఇంప్రూవ్‌మెంట్ ఉంది."

"సార్, ఇదంతా మీరెందుకు చేస్తున్నారండీ?"

"మరి ఎవరు చెయ్యాలి? నువ్వు దింపేసి పోతున్నావ్. టెస్టింగ్ లేకుండా మాల్ బయటికి పోవచ్చా? పద్నాలుగు ఇళ్ళు."

థాంక్స్ చెప్పించుకోవడానికి మొహం సిద్ధం చేసుకుని ఉన్నారు. ఆ మొహం చూశాక, వీధి బెండకాయలన్నీ పాడు చేస్తున్నది మీరేనని చెప్పడం నావల్ల కాలేదు. బయటికి వస్తుంటే సత్యవతి గారు గేటు దాకా వచ్చారు. గొంతు తగ్గించి అంతా చెప్పారు. ఆయన ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే సంచి పట్టుకుని నడిచి బజారుకి వెళ్ళి కూరలు తెచ్చేవారట. మోకాలి ఆపరేషన్ తర్వాత అంత దూరం వద్దన్నారని ఆవిడ మా సంచి మాట్లాడారు. ఇప్పటికీ ఆయన ఐదింటికే లేచి, స్నానం చేసి, చొక్కా వేసుకుని కూర్చుంటున్నారట.

"వెళ్ళడానికి ఎక్కడా లేదు బాబూ. కానీ తయారవుతారు."

ఇక్కడ నా కళ్ళు చెమర్చాయని రాయాలి. అంతలో మేక నా చొక్కా అంచు నమలడం మొదలుపెట్టడంతో ఆ అవకాశం పోయింది.

నిజం చెబితే ఆయన వీధిలో తలెత్తుకోలేరు. చెప్పకపోతే పిన్ని చేను పోతుంది. రెండు రోజులు ఆలోచించి నాకు చేతనైన పని చేశాను: పిన్నికి చెప్పేసి బాధ్యత వదిలించుకున్నాను. శుక్రవారం కోత అయ్యాక పిన్ని, "పద, నేనూ వస్తా," అని ఆటోలో క్రేట్ల పక్కన ఎక్కి కూర్చుంది. కొంగు బిగించి నడుముకి దోపుకుంది. యుద్ధం తప్పదనుకున్నాను. సంచులు దింపడానికి కొత్త వరండా ఎక్కడ వెతకాలా అని కూడా ఆలోచించాను.

పిన్ని వరండా మెట్టు మీద కూర్చుంది. నేను పరిచయం చేశాను, ఈ కాయలు పండించేది ఈవిడేనని. వెంకటరత్నం గారు మంచినీళ్ళు తెప్పించారు. తన చేతిలో ఉన్న కాయ విరిచి, "బాగుందమ్మా మాల్," అన్నారు. పిన్ని ఆ విరిగిన కొన వైపు చూసింది.

"సారుగారూ, మీరు ఫ్యాక్టరీలో ఏం చేసేవారండీ?"

ఆయన మొహం వెలిగింది. క్యూబ్ టెస్ట్ గురించి చెప్పారు. సిమెంటుతో దిమ్మలు పోసి, నీళ్ళలో నానబెట్టి, రోజులు లెక్కపెట్టి, మిషన్లో పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఎంత బరువుకి పగిలిందో అదే దాని బలం. పగలగొట్టకుండా బలం తెలియదమ్మా అన్నారు.

"అంటే బస్తాలన్నిటికీ దిమ్మలు పోసి పగలగొట్టేవారా అండీ?"

"అన్నీ ఎలా కుదురుద్దమ్మా? శాంపిల్ తీస్తాం. అన్నీ పగలగొడితే ఇంక ఇల్లు దేంతో..."

అక్కడ ఆగిపోయారు.

  ఆయన ఒళ్ళో ఉన్న కాయల వైపు, గిన్నెలో కొనల వైపు చూశారు. "ఆ నల్లబడేది..." అన్నారు.

"విరిచిన చోట నుంచే అండీ," అంది పిన్ని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెత్తగా. "విరగని కాయ మూడు రోజులుంటది."

ఆ తర్వాత పరీక్ష జరిగింది. విరవకుండా ముదురో లేతో చెప్పడం కుదరదని ఆయన పట్టు. పిన్ని పది కాయలు తీసి ఒక్కోదాని నడుం మీద బొటనవేలితో నొక్కింది. "లేతదైతే మన వేలికి లొంగుద్ది. ముదురుదైతే మనల్నే నొక్కుద్ది," అంటూ రెండు వైపులా పెట్టింది. వెంటనే ఆయన పదీ విరిచి చూశారు. తొమ్మిది సరిపోయాయి. పదోది లేతదని పిన్ని, ముదురని ఆయన ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆ కాయ మేక తినేసింది, సాక్ష్యం లేదు.

నేను వీధికి ఏం చెప్పాలా అని తల గోక్కుంటుంటే, వెంకటరత్నం గారే చేతికర్ర పట్టుకుని లేచారు. ఆ మోకాలితో పద్నాలుగు గుమ్మాలకీ తిరిగారు, వాళ్ళ ఇంటి గుమ్మంతో కలిపి. అన్ని చోట్లా ఒకటే మాట చెప్పారు: "టెస్టింగ్ విధానంలో ఒక లోపం ఉంది. రైతుది కాదు, ఆ కుర్రాడిదీ కాదు. మనదే. సరిచేశాం." ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దమనిషి చెప్పాడు కాబట్టి అందరూ తలూపారు. ఏ ఇల్లూ మానలేదు. పిన్ని పొలం దున్నించలేదు. కొన్నాళ్ళకి మళ్ళీ మజ్జిగ వచ్చింది.

ఇప్పుడు పద్ధతి ఇది. ఏ పొలం సరుకైనా అందులోంచి ఐదే కాయలు ఆయన విరుస్తారు, మిగతావి బొటనవేలితో నొక్కి చూస్తారు. వారానికోసారి నా ఆటో ముందు సీట్లో కూర్చుని ఏదో ఒక పొలానికి వస్తారు. మొదటిసారి పొట్టి చేతుల చొక్కాతో బెండ తోటలోకి దిగి, నూగు అంటుకుని రెండు రోజులు చేతులు గోక్కున్నారు. అప్పట్నుంచి పూర్తి చేతుల చొక్కా. ఆయన షుగర్ గురించి నేను చెప్పను, నేను డాక్టర్ని కాను. ఐదింటికి తయారైన మనిషికి ఇప్పుడు వెళ్ళడానికి ఒక చోటుంది, అంతవరకే నాకు తెలుసు.

ఈ కేసు నాకు నేర్పింది బెండకాయ సంగతి కాదు. ఒక కుటుంబానికి కూరలు అందించడమంటే సంచి మోసుకెళ్ళి దింపడమే అనుకున్నాను. ఆ ఇంట్లో అంతకుముందు ఆ సంచి ఎవరు మోసేవారో నేనెప్పుడూ అడగలేదు. మధ్యలో చేతులన్నీ తీసేశానని గర్వంగా అచ్చు వేయించుకున్నానే, తీసేసిన చేతుల్లో ఒకటి ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే లేస్తున్న చెయ్యి.

కరపత్రం మార్చాం. ఇప్పుడు ఇలా ఉంటుంది: "పొలం నుంచి మీ వంటింటికి. మధ్యలో ఒక పెద్దాయన ఐదు కాయలు విరిచి చూస్తారు." కొత్తవాళ్ళు చదివి ఇదేం వాక్యం అని నవ్వుతారు. ఆ వీధిలో మాత్రం ఎవరూ నవ్వరు. మేక సంగతి నాకు తెలియదు. కొనలు ఐదుకి పడిపోయినప్పటి నుంచి అది నా వైపు చూడటం మానేసింది.