బైండులో లేని కాగితం

కాలేజీలో చదివే రోజుల్లో వక్తృత్వ పోటీల్లో నేను నాలుగు స్టీలు గిన్నెలు గెలిచాను. ఈ సంగతి మా అత్తవారింట్లో అందరికీ తెలుసు. నేనే చెప్పాను, చాలాసార్లు. అందుకే అత్తమ్మ మదీనాగూడలోని మా ఫ్లాటుకు వచ్చిన మూడో రోజున సంచిలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి, "ఎవరన్న జర సదివి పెడ్తరా?" అని అడిగినప్పుడు, మా ఆయన చెయ్యి చాపేలోపే నేను అందుకున్నాను.

అప్పటిదాకా అత్తమ్మ హఫీజ్‌పేట్‌లో సొంత ఇంట్లో ఉండేది. ఆ ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడానికి ఇచ్చారు. అది పూర్తయ్యేవరకు మా దగ్గర ఉండటానికి వచ్చింది. రెండు సంచులు బట్టలు, ఒక రోటి పచ్చడి సీసా, ఆ పుస్తకం. అంతే సామాను.

ఆ పుస్తకాన్ని వాళ్లింట్లో 'బైండు' అంటారు. దానికి వేరే పేరు లేదు. మా మామగారు కరెంటు డిపార్ట్‌మెంటులో లైన్‌మన్‌గా చేసేవారట. నా పెళ్లినాటికే ఆయన లేరు. పాత పేపర్ల దుకాణంలో వారపత్రికలు ఏరుకొచ్చి, నచ్చిన కవితా, కథా, వ్యాసమూ కత్తిరించి దాచేవారు. కట్ట లావయ్యాక దబ్బనంతో కుట్టి, ఎర్ర రెక్సిన్ అట్ట వేయించారు. కత్తిరించేటప్పుడు రచయితల పేర్లు చాలావరకు కత్తెర పాలయ్యాయి. కాబట్టి ఎవరు రాశారన్నది ఎవరికీ తెలియదు. కాగితాల వెనక వైపు సగం సగం తెగిన ప్రకటనలు ఉంటాయి. అత్తమ్మకు చదువు రాదు. ఆయన ఉన్నన్నాళ్లూ డ్యూటీ నుంచి వచ్చి, టీ తాగుతూ, ఆమెకు చదివి వినిపించేవారు.

ఇంత చరిత్ర ఉన్న పుస్తకాన్ని నేను ఎలా చదివానంటే, మైకు ముందు నిలబడ్డట్టు చదివాను. మొదటి కవితకే గొంతు పెంచాను, తగ్గించాను, ఒక చోట వణికించాను కూడా. పూర్తయ్యాక చప్పట్లు కొడుతుందేమోనని చూశాను.

"మంచిగనే సదువుతవ్ గని, గంత ఒర్రకు బిడ్డా," అంది అత్తమ్మ. "పక్కింటోళ్లు కొట్లాట అనుకుంటరు."

నేను పనిచేసే కంపెనీ మాదాపూర్‌లో. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం నా పని. వారానికి మూడు రోజులు ఇంటి నుంచే చేస్తాను. అమెరికా వాళ్లు నిద్ర లేచి మీటింగులు మొదలుపెట్టేలోపు, సాయంత్రం నాలుగు గంటలకు టీ పెట్టుకుని అరగంట బైండు చదవాలని మేమిద్దరం ఒప్పందానికి వచ్చాం. ఒకరోజు పని ఎక్కువగా ఉండి, వారపు అంగడి గురించిన వ్యాసంలో రెండు పేరాలు దాటేశాను. అత్తమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"నడిమిట్ల బర్రెను ఏడ ఇడిసిపెట్టినవ్?"

వెనక్కి వెళ్లి చూస్తే, నిజంగానే నేను దాటేసిన పేరాలో ఒక గేదె ఉంది. దాన్ని అమ్మడానికి తెచ్చి, అమ్మబుద్ధి కాక తిరిగి తోలుకుపోతారు. ఆ పేరా చదివి, గేదెను తెచ్చి కట్టేశాకే అత్తమ్మ మళ్లీ గ్లాసు అందుకుంది. ప్రకటనలు కూడా వదలడానికి వీల్లేదు. "ఆ నూనె సంగతి గూడ సదువు" అనేది. సగానికి తెగిన తలనూనె ప్రకటనను, "జుట్టు ఒత్తుగా, నల్లగా, మరియు..." అన్నచోటే ఆగిపోయినా, వారానికోసారైనా చదివేదాన్ని.

రెండో వారంలో దర్జీ కథ వచ్చింది. ఒక దర్జీ. వీధి చివర ఇంటావిడ పట్టుబట్ట ఇచ్చి జాకెట్టు కుట్టమంటుంది. కత్తెర జారి బట్ట పాడవుతుంది. చెప్పడానికి ధైర్యం లేక రేపు, ఎల్లుండి అంటూ నెలలు గడుపుతాడు. ఆవిడ కనబడితే సందు తిరిగిపోతాడు. అన్నం సహించదు. చివరకు అతుకులేసిన ఆ జాకెట్టును కాగితంలో చుట్టుకుని, చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంటూ బయల్దేరతాడు. నేను కథలో మునిగిపోయాను. గొంతు దానంతటదే పైకి లేచింది.

"ఆమె తలుపు తీసింది. అతని చేతిలోని పొట్లాన్ని చూసింది. చూసి అన్నది..." అని పేజీ తిప్పి, చెయ్యి పైకెత్తి, "మబ్బులారా! మా మిద్దె మీద ఒక్క ఘడియ ఆగి పొండి!" అని చదివాను.

అత్తమ్మ పైకప్పు వైపు చూసింది.

"మబ్బులు యాడికెల్లి వచ్చినయ్ బిడ్డా?" అంది అత్తమ్మ.

చూసుకుంటే అది వానమీద కవిత. మధ్యలో ఒక కాగితం లేదు. కుట్టు దగ్గర వేలెడు ముక్క మాత్రం మిగిలి ఉంది. ఆ మాట అక్కడే చెప్పేస్తే అయిపోయేది. కానీ ఆయన అంత శ్రద్ధగా కుట్టిన పుస్తకంలో కాగితం పోయిందంటే పెద్దావిడ బాధపడుతుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, మబ్బుల దగ్గర పోయిన పరువును వెంటనే నిలబెట్టుకోవాలని కూడా అనుకున్నాను.

"రెండు పేజీలు కలిసి తిరిగాయి అత్తమ్మా," అని, మబ్బుల మీద కళ్లు పెట్టి, నోటికొచ్చింది చెప్పాను. ఆ ఇంటావిడ నవ్వి, పోనీలే అని క్షమించిందని.

"గంతేనా?"

"అంతే అత్తమ్మా."

"సప్పగున్నది," అంది.

నాలుగు గిన్నెలు గెలిచిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వారం తిరక్కుండా ఆమే మళ్లీ దర్జీ కథ చదవమంది. ఈసారి ఆవిడ కోపంతో జాకెట్టును వీధిలోకి విసిరినట్టు చెప్పాను. "మొన్న గిట్ల లేకుండె గదా?" అంది అత్తమ్మ. మొన్న ఒక వాక్యం దాటేశానని బుకాయించాను. అక్కడి నుంచి నా బతుకు దర్జీ చేతికి పోయింది. క్యాబులో కూర్చుంటే దర్జీ, మెట్రో కోసం నిలబడితే దర్జీ. పొద్దున్న టీము మీటింగులో మేనేజరు "ఎందుకు లేటవుతోంది?" అని అడిగితే, "ఆవిడకు ముఖం చూపించలేకపోతున్నాడండి" అన్నాను. ఎవరికి, ఎవరు అని ఆయన అడిగాడు. నెట్‌వర్క్ సరిగ్గా లేదని చెప్పి తప్పించుకున్నాను.

నాలో ఒక రచయిత్రి ఇన్నాళ్లూ నిద్రపోతోందని నాకు గట్టి నమ్మకం కలిగింది. ఒక నోటుబుక్కు కొన్నాను. ఒక ముగింపులో దర్జీ గుమ్మంలోనే కూలి చనిపోయాడు. అది చదువుతూ నేనే కళ్లు తుడుచుకున్నాను. "ఒక్క జాకెట్టుకు మనిషిని సంపుతరా ఎవరన్న?" అంది అత్తమ్మ. ఇంకోదాంట్లో ఇద్దరి మధ్యా మూగప్రేమ పెట్టాను. "ఆమెకు మొగుడున్నడు గదా, మొదట్లనే సదివినవ్" అని గుర్తుచేసింది. శ్రమ గొప్పతనం మీద ఆవిడ చేత ఉపన్యాసం ఇప్పించిన రోజున అత్తమ్మకు కునుకు పట్టింది. ప్రతిసారీ మా ఆయన ఆ చుట్టుపక్కలే ఉండేవారు. ఎప్పుడూ ఏమీ అనలేదు. నా ప్రతిభకు మాట పడిపోయిందనుకున్నాను.

ఒక ఆదివారం వదిన వచ్చింది. వదినంటే మా ఆయన అక్క. భోజనాలయ్యాక అత్తమ్మే, "దర్జీది సదువు బిడ్డా, వదిన గూడ ఇంటది" అంది. నా దగ్గర ఎనిమిదో ముగింపు సిద్ధంగా ఉంది. అందులో ఆవిడ ఆ అతుకుల జాకెట్టునే పండక్కి తొడుక్కుని, ఊళ్లో కొత్త ఫ్యాషన్ మొదలుపెడుతుంది. వదిన కొత్త శ్రోత కాబట్టి కొంచెం ఒర్రాను కూడా.

వదిన నోరు తెరుచుకుని వింది. తర్వాత వాళ్లమ్మ వైపు తిరిగింది.

"గిదేందమ్మా? ఆమె గట్లనదు గదా?"

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"మరి ఏమంటుంది వదినా?" అన్నాను.

"'ఏ జాకెట్టు?' అంటది. గంతే. కథ ఒడిసింది."

నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ దర్జీ నెలల తరబడి తిండి మాని, సందులు తిరిగి, మాటలు వల్లె వేసుకుని వస్తే, ఆవిడకు బట్ట ఇచ్చిన సంగతే గుర్తులేదు. రెండు మాటలు. నా నోటుబుక్కులో ముప్ఫై పేజీలు ఉన్నాయి.

"మరి ఆ కాగితం ఏమైంది?"

"అమ్మనే చింపింది," అంది వదిన.

అత్తమ్మ ఇక దాచలేకపోయింది. "ఏం చెయ్యమంటవ్ మరి? ఆ కథ సదివినకాడి నుంచి ఆయనకు అదే ఆట. ఉప్పు తెచ్చినవా అంటే 'ఏ ఉప్పు?' అంటడు. సుట్టాలొస్తున్నరు అంటే 'ఏ సుట్టాలు?' అంటడు. ఎన్ని దినాలు పడతది మనిషి? ఓనాడు నాకు మస్తు కోపమొచ్చి గీ పిల్లనడిగిన, ఆ ముచ్చట ఏ కాయిదం మీదున్నదే అని. సూపిచ్చింది. పర్రున చింపి పొయ్యిల పెట్టిన."

"మామయ్యగారు కోప్పడలేదా?"

"కోపమేంది! అన్నం తినేటప్పుడు నేనే చెప్పిన, నీ బైండుల కాయిదం చింపిన, ఏం జేసుకుంటవో జేస్కో అని." అత్తమ్మ కళ్లు తుడుచుకుంది. నవ్వుకో, దేనికో. "'ఏ కాయిదం?' అన్నడు."

వదిన పడీపడీ నవ్వింది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఫోనులో ఏదో చాలా ముఖ్యమైనది వెతుక్కుంటున్నారు. పెళ్లయిన నాటి నుంచీ పాలు తెచ్చారా అంటే "ఏ పాలు?" అనడం ఈయన అలవాటు. ఈయనకు మతిమరుపని మా అమ్మకు ఫోను చేసి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నానో. మంచి న్యూరాలజిస్టు ఎవరని ఆఫీసులో కూడా వాకబు చేశాను.

"మొదటి నుంచీ తెలిసి నాకెందుకు చెప్పలేదు అత్తమ్మా?"

"నువ్వడిగితే గదా బిడ్డా. ఆయన ఎప్పుడు సదివినా ఒక్కతీర్గనే సదువుతుండె. నువ్వు దినానికో తీరు జెప్పవడితివి. ఇయ్యాల ఏం జెప్తదో అని పొద్దుగాల సంది సూస్తుంటి."

పోయిన ప్రాణం కొంచెం తిరిగి వచ్చింది. "అయితే బాగున్నాయా?"

ఆలోచించింది. "మంచిగైతే లేవు," అంది.

నేను అలిగాను. ఒప్పుకోవడానికి సిగ్గే. గేదె ఉన్న పేరా కూడా మరిచిపోని మనిషికి కథ ముగింపు గుర్తుండదని ఎలా అనుకున్నానో! తప్పులు పట్టడానికి జీతం తీసుకునే నాకు ఇంత పెద్దది కనబడలేదు. మర్నాడు ఇంటి నుంచి పనిచేసే రోజే అయినా మాదాపూర్ వెళ్లి కూర్చున్నాను. మధ్యాహ్నం క్యాంటీనులో మా టీము వాళ్లు నలుగురు "ఏమైంది అలా ఉన్నావ్?" అని అడిగితే, మా అత్తమ్మ నన్నెలా ఆడించిందో చెప్పడం మొదలుపెట్టాను. అది అర్థం కావాలంటే ముందు దర్జీ కథ చెప్పాలి కదా. గొంతు పెంచే ఓపిక లేక మామూలుగా చెప్పాను. చెంచాలు ఆగిపోయాయి. చివరి రెండు మాటలు రాగానే ముగ్గురు గట్టిగా నవ్వారు. నాలుగో అమ్మాయి నవ్వలేదు. ఈమధ్యే చేరింది, అక్కడే హాస్టల్లో ఉంటుంది. నా ఫిర్యాదు మాత్రం ఎవరూ వినలేదు.

రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి నా డెస్కు దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీ దర్జీ కథ విని మా ఫ్రెండ్‌కి కాల్ చేశాను. ఏడాది నుంచి సారీ చెప్పాలని చెప్పలేక తప్పించుకుని తిరుగుతున్నాను."

"ఏమంది? గుర్తే లేదందా?"

"అన్నీ గుర్తున్నాయక్కా దానికి," అంది కోపంగా. "తేదీలతో సహా చెప్పి అరగంట తిట్టింది."

"అయ్యో. తర్వాత?"

"శనివారం సినిమాకి వస్తానంది." వెళ్లబోయి ఆగింది. "అందులో ఇంకా ఏమున్నాయక్కా?"

ఇంటికి వెళ్లి ఇది అత్తమ్మకు చెప్పాను. అత్తమ్మ ఆ అమ్మాయి ఏ ఊరని, తిండి సరిగ్గా తింటోందా అని అడిగింది. తర్వాత, "అంగడిది జెప్పు ఆ పిల్లకు. బర్రెను ఇడిసిపెట్టకుండ," అంది. అలక సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. టీ పెట్టాను.

ఆ తర్వాత ఒక మంచి ఆలోచన చేశాననుకుని, తెల్లకాగితం మీద అందమైన అక్షరాలతో ఆ చివరి ముక్క రాసి, బైండులో అతికిస్తానన్నాను. అత్తమ్మ పుస్తకం నా చేతిలోంచి తీసుకుంది.

"అతికియ్యకు. అది నేను చింపిన కాయిదం. అట్లనే ఉండనియ్."

ఆ ఒక్కసారే ఆమె నాతో గట్టిగా మాట్లాడింది.

పోయిన దసరాకు హఫీజ్‌పేట్ ఇల్లు పూర్తయింది. అత్తమ్మకు రెండో అంతస్తులో ఫ్లాటు వచ్చింది. బైండు ఆమెతోనే వెళ్లిపోయింది. ఒక్క నెల ఉంచమని అడిగితే, "ఈడికే వచ్చి సదువు" అంది. నా దగ్గర అలమరనిండా పుస్తకాలున్నాయి, కొన్ని బహుమతులు పొందినవి కూడా. అయినా నాలుగింటికి టీ పెట్టుకుంటే ఏదీ తెరవబుద్ధి కాదు. అందుకని రెండు వారాలకోసారి ఆదివారం బయల్దేరతాను.

పోయిన ఆదివారం బావి తవ్వించడం గురించిన వ్యాసం వంతు వచ్చింది. బైండు మొత్తంలో నాకు బొత్తిగా నచ్చనిది అదే. ఎన్ని గజాలు తవ్వితే ఏ రంగు మట్టి వచ్చిందో పూసగుచ్చినట్టు ఉంటుంది. వదిన కూడా వచ్చి కూర్చుంది. బిర్యానీ తిని వెళ్లానేమో, మొరం మట్టి తగిలే చోటు దాకా చదివిన గుర్తు. కళ్లు తెరిచేసరికి పుస్తకం నా ఒళ్లోనే ఉంది. అత్తమ్మ వదినకు మిగతాది చెప్పుకుపోతోంది. అప్పటికే బావిలో నీళ్లు పడ్డాయి.