పోశం కాక కోసిన దారి

ఈ రోజు పొద్దున దీపానికి వత్తి సర్దుతుంటే నా వేళ్ళ నుంచి పెట్రోలు వాసన వచ్చింది. నిన్న సాయంత్రం రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నా పోలేదు. పెట్రోలులో ఆయిల్ కలిపినప్పుడు వచ్చే ఘాటు, దాని అడుగున కోసిన పచ్చిగడ్డి వాసన. ఈ చేతులతో దేవుడిని ఎలా ముట్టుకోవడం అని మొదట్లో సంకోచపడేదాన్ని. ఇప్పుడు ఆ సంకోచం లేదు. ఆ వాసన తగిలినప్పుడల్లా నా దండంలో ఒక పేరు అదనంగా చేరుతుంది. అది పోశం కాక పేరు.

ఆయన మాకు చుట్టం కాదు. ఆ వయసు వాళ్ళను మా వైపు కాకా అనే పిలుస్తాం. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాక మంచిర్యాలలో చిన్న దుకాణం పెట్టుకుని మోటార్లు, మందు కొట్టే పంపులు, గడ్డి కోసే మిషన్లు బాగుచేసేవాడు, అమ్మేవాడు. నేను ఆయన దుకాణం మెట్లెక్కింది మా బాపు కోసం.

చిన్నప్పుడు ఏడాది పొడవునా జ్వరాలతో పడుకునేదాన్ని కాబట్టి నేను బడికి పోలేదు. అక్షరాలు, లెక్కలు, పద్యాలు అన్నీ బాపే మా పెరట్లోని సీతాఫలం చెట్ల కింద నేర్పాడు. పెరడంటే ఎకరానికి పైనే ఉంటుంది. నీటికాసుల జబ్బుతో బాపుకు చూపు పూర్తిగా పోయినా, రోజూ తెల్లవారగానే చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆ పెరటి తూర్పు మూలకు నడిచి సూర్యుడికి వదిలేవాడు. చెప్పులు వేసుకొమ్మంటే వినేవాడు కాదు. "చెప్పులేస్కుంటె నేల నాతోని మాట్లాడది బిడ్డా" అనేవాడు.

నేను ఆ దుకాణానికి పోవడానికి ముందటి వానకాలం నడుం ఎత్తు పెరిగిన గడ్డిని కూలీలతో కొడవళ్ళ మీద కోయించాం. నాలుగు రోజులకే బాపు అరికాల్లో ఏదో దిగింది. ముల్లనుకున్నాం. చీము పట్టి నెలన్నర మంచం మీద ఉన్నాడు. ఈ వయసులో మళ్ళీ ఇలా అయితే కాలు దక్కడం కష్టమని డాక్టరు చెప్పాడు. కరీంనగర్ నుంచి వచ్చిన మా అన్న, "ఇగ పెరట్ల అడుగు పెట్టకు బాపూ, ఇంట్లకెంచే దండం పెట్టుకో" అన్నాడు. బాపు పెరట్లోకి దిగడం ఆపాడు. ఆ రోజు నుంచి పద్యం చదవడమూ మానేశాడు. అన్నం కూడా మేం అడిగితేనే తినేవాడు. మళ్ళీ వానలు పడి గడ్డి లేచేసరికి, ముళ్ళు దాచుకునే ఈ గడ్డిని నేనే అణచాలని బయలుదేరాను.

"పెద్ద పెరడు, పెద్ద మిషన్ కావాలె కాకా" అన్నాను.

"గడ్డేది?" అన్నాడు ఆయన, స్పానర్ మీద నుంచి చూపు తిప్పకుండానే.

"ఏం గడ్డి?"

"నువ్వు కోసే గడ్డి. పిల్లను చూడకుండ పెండ్లి ఖాయం చేస్తరా? పో, వేర్లతోని ఇంత పీక్కరా."

మరునాడు బస్సులో ఒళ్ళో గడ్డి మోపు పెట్టుకుని వెళ్ళాను. ఆయన ఒక్కో పోచ మొదలును గోటితో నొక్కి, పంటితో కొరికి చూశాడు. "దర్భ గలిసింది. మొదలు కట్టె లెక్కున్నది. దీనికి ఇనుప బ్లేడు వడాలె" అని తేల్చాడు. మా అన్న ఫోన్‌లో చూసి కొనమన్న, అన్నిటికన్నా పెద్ద మిషన్‌ను నా భుజానికి తగిలించి, "నేను చాయ్ తాగేదాంక దించకు" అని ఎదురుగా కూర్చున్నాడు. గ్లాసు సగం కాకముందే దాన్ని దించేశాను.

"పెరడు పెద్దదే. నీ భుజం గూడ పెద్దదైందా బిడ్డా?"

తరువాత ఒక నడిమి రకం తీసి, రెండు భుజాలకూ పట్టీలు బిగించి, బరువు నడుం మీద పడేలా సర్దాడు. ఈసారి కావాలనే రెండో చాయ్ కూడా తాగాడు. నేను నిలబడే ఉన్నాను. "ఇగ ఇది నీది" అన్నాడు.

ఇంటికి తెచ్చాక శుక్రవారం చూసి పూజ చేశాను. కొత్తగా ఏది వచ్చినా మాకు అది తప్పదు. పసుపు నీళ్ళలో కలిపి మిషన్ ఒళ్ళంతా పూసి, దొరికిన చోటల్లా బొట్లు పెట్టాను. తరువాత అరచేయి పొక్కులెక్కేదాకా ఇంజన్ తాడు గుంజినా అది ఉలకలేదు. ఏడుపు ఆపుకుంటూ ఫోన్ చేస్తే పోశం కాక మోపెడ్ మీద వచ్చి, పక్కన ఉన్న చిన్న మూత విప్పాడు. లోపలి స్పాంజి పచ్చగా ముద్దకట్టి ఉంది.

"ముక్కుల పసుపు గుమ్మరిస్తివి. ఊపిరెట్ల తీస్కుంటది?" అని పగలబడి నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "బొట్టు వద్దంటలే తల్లీ. పిడికి పెట్టుకో, అది చాలు." స్పాంజి కడిగి ఆరబెట్టి, ఒళ్ళంతా పసుపు తుడిచాడు గానీ పిడి మీది బొట్టును మాత్రం వేలు తగలకుండా అలాగే ఉంచాడు.

మిషన్ చప్పుడు విని బాపు గోడ పట్టుకుని పెరట్లోకి దిగాడు. పోశం కాక వెంటనే ఇంజన్ ఆపాడు. ఆ ఒట్టి కాళ్ళనే చూస్తూ దగ్గరికి వచ్చి కింద కూర్చుని, "జర పాదం చూపియ్యే అన్నా" అన్నాడు. మానిన గాయం మీద బొటనవేలు పెట్టి చూశాడు. అక్కడే గడ్డిని రెండు చేతులతో పాయలు తీశాడు. అడుగున, ముందటి ఏడు కొడవలి కోసిన దర్భ మొదళ్ళు ఏటవాలుగా, సూదుల్లా నిలబడి ఉన్నాయి.

"ఇది ముల్లు గాదు బిడ్డా, కోసిన మోడు దిగింది. బ్లేడుతోని కోసినా గిట్లనే నిలవడ్తయి. గడ్డి చూసిన, నీ భుజం చూసిన. నడిచే కాళ్ళు చూడలే. తప్పు నాదే" అన్నాడు. అంత పని తెలిసిన మనిషి, మిషన్ పట్టుకోవడమైనా రాని నాతో అన్న మాట అది.

ఆయన బ్లేడు విప్పి నైలాన్ తీగ చక్రం బిగించాడు. తీగ గడ్డిని కొట్టి పీచు చేస్తుందని, మొన తేలనివ్వదని చెప్పాడు. "గానీ పని మూడింతలు. గడ్డి ముదరనియ్యద్దు, వారం వారం కొయ్యాలె. చేస్తవా?"

"చేస్త కాకా."

బాపు నడిచే దారిలోని పాత మోళ్ళన్నిటినీ మేమిద్దరం గడ్డపారతో పెకిలించాం. తరువాత ఆయన తీగతో తూర్పు మూల దాకా దారి కోశాడు. చివరి పది బారలు నాతో కోయించాడు. అయిపోయిందనుకున్నాను. ఆయన చెప్పులు విడిచి, మెడలోని తువ్వాలతో కళ్ళకు గట్టిగా గంతలు కట్టుకున్నాడు.

"గిదేంది కాకా?"

"అన్న నడిచేది గిట్లనే గద."

చీకటి బావిలో అన్నేళ్ళు గడిపి బయటపడ్డ మనిషి, మా బాపు కోసం మళ్ళీ చీకట్లోకి దిగి నడిచాడు. రెండు చోట్ల ఆగి, వంగి, వేళ్ళతో వెతికి మిగిలిపోయిన మోడును తవ్వి తీశాడు. ఒకసారి ఆయన పాదం నుంచి నెత్తురు కారింది. ఆ మట్టినే అద్దుకుని వెనక్కి వచ్చి మొదటి నుంచి మళ్ళీ నడిచాడు. మూడోసారి ఎక్కడా ఆగలేదు. అప్పటికి నా చేతులు వాటంతటవే జోడించుకుని ఉన్నాయి. గుడిలో కూడా నాకు ఎప్పుడో గానీ కలగని నిశ్శబ్దం ఆ మిట్టమధ్యాహ్నం మా పెరట్లో కలిగింది.

గంతలు విప్పి, "రాయే అన్నా" అని పిలిచాడు. బాపు మొదటి నాలుగడుగులు తడుముతూ వేశాడు. తరువాత చేయి చాచడం కూడా మరచిపోయి నడిచాడు. తూర్పు మూల చేరి, చెంబు లేకపోయినా ఖాళీ దోసిలి ఎత్తి వదిలాడు. "మెత్తగున్నది" అన్నాడు. ఆ సాయంత్రం అన్నం తానే అడిగాడు.

పోశం కాక నిరుటి ఎండాకాలంలో పోయాడు. తీగ మార్చడం, ఆయిల్ కలపడం, ఇంజన్ చప్పుడును బట్టి దాని అలసట తెలుసుకోవడం ఆయన నేర్పినవే. వారం వారం కోసిన తరువాత చెప్పులు విడిచి, కొంగుతో కళ్ళు కట్టుకుని నేను ఆ దారి నడుస్తాను. నిన్న సీతాఫలం చెట్టు దాటాక అరికాల్లో చురుక్కుమంది. గంత విప్పి చూస్తే గోరంత మోడు, దాని మీద నా నెత్తురు చుక్క.

"అయిందా బిడ్డా, రావాల్నా?" అని బాపు అరుగు మీద నుంచి పిలుస్తున్నాడు.

"జర ఆగు బాపూ" అన్నాను. మోడు పెకిలించి, అది నా కాలికే దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకుని, మొదటి నుంచి మళ్ళీ నడిచాను.