లారీ టైరు బూట్లు

1989. రంగూన్‌లో, అదే యాంగోన్‌లో, విద్యార్థుల తిరుగుబాటు అణగి చాలా నెలలైనా కాలేజీలు తెరవలేదు. నేను కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడేవాణ్ణి. చదువు ఆగిందని ఇంట్లో అందరూ బాధపడ్డారు. నా చదువు సంగతి నాకు తెలుసు గనక నేను బంతి ఆగిందని బాధపడ్డాను.

అంతలో సేక్కాన్ రేవు దగ్గరి ఒక ప్రభుత్వ శాఖ తన జట్టులోకి ఒకే ఒక్కణ్ణి తీసుకుంటుందని తెలిసింది. మా రోజుల్లో ప్రొఫెషనల్ ఆటగాడంటే అదే: పేరుకి గుమస్తా, పనికి బంతి. ఆ చోటు రాకపోతే మావయ్య కొట్టులో జీవితాంతం చింతపండు పొట్లాలు కట్టాలి.

చిక్కల్లా నా బూట్లకి అడుగు లేదు. అడుగు లేనిదే అడుగు పడదు, ఎవరినైనా అడుగుదామంటే ఊళ్ళో బూట్లే లేవు. ఓడ కళాసీలు తెస్తేనే మాకు విదేశీ బూట్లు, ఆ ఏడు అవీ రాలేదు. తాకేటా పేటలో పాత టైర్లు కోసి చెప్పులు కుట్టే మా తెలుగు అప్పన్న బాబాయి దగ్గరికి పరిగెత్తాను.

“ఏటిరా ఇది, బూటా, జల్లెడా?” అన్నాడు. “లారీ టైరు ఏసి కుడతాను. నువ్వు అరిగిపోవాలి గానీ ఇది అరగదు.”

“బరువైపోద్దేమో బాబాయ్!”

“నీ బుర్ర తేలికే కదరా, సరిపోద్ది.”

సిమెంటు మైదానంలో ఆడి చూశాను, బ్రహ్మాండం. ఎంపిక మాత్రం చెక్క నేల ఉన్న హాల్లో జరిగింది. పదిమందిమి రెండు జట్లుగా ఆడాం. మా వైపున్న కో టూన్ తాటిచెట్టంత మనిషి, బంతి ముట్టుకుంటే బుట్టే. నేను వేసింది ఒక్క బుట్ట, అదీ బోర్డు జాలిపడి వేయించింది.

ఆట ముగిశాక కోచ్ ఊ టిన్ నేల చూసి కేకేశాడు. “ఈ నల్లగీతలు ఎవరివి?”

అన్నీ నావే. లారీ నడిచినట్టుంది. బర్మాలో గురువుని పిలిచినట్టే, “నావే సయా,” అని చేతులు కట్టుకున్నాను.

“తుడువు.”

తడిగుడ్డతో మోకాళ్ళమీద పాకుతుంటే మావయ్య కొట్టు చింతపండు వాసన ముక్కుకి తగిలినట్టయింది. ఊ టిన్ నా వెనకే నడిచాడు.

“ఈ మూలా నువ్వేనా?”

“అవును సయా.”

“ఆ చివరా?”

“అక్కడా నేనే. క్షమించండి.”

మా బుట్ట కింద గీతలు మరీ దట్టం. అక్కడాయన ఆగి చాలాసేపు చూశాడు.

“అవతలివాళ్ళు ఇక్కడికి ఎందుకు రాలేకపోయారో ఇప్పుడు తెలిసింది,” అన్నాడు. తర్వాత పివట్, అంటే ఒక కాలు కదలకుండా తిరిగే చోట్లు, వేలితో చూపించాడు. “అన్నీ ఎడమకాలివే. కుడికాలు అద్దెకి తెచ్చావా? సోమవారం రా, దానికీ పని నేర్పిస్తాను.”

“సయా, నాకు వేరే బూట్లు లేవు...”

“అయితే తుడిచే గుడ్డ నీదే తెచ్చుకో.”

ఆ శాఖకి పన్నెండేళ్ళు ఆడాను. తర్వాత కోచ్‌నయ్యాను. బంతి వెంట అందరి కళ్ళూ వెళతాయి, కాళ్ళని చూసేవాడు ఒకడుండాలని ఆ రోజు తెలిసింది. అందుకే నా ఎంపికల్లో ఆటగాళ్ళ బూట్ల కింద బొగ్గు రాయిస్తాను. చివర్లో నేల తుడిచేది కూడా నేనే. దగ్గరగా చూడాలంటే మోకాళ్ళమీద ఉండాల్సిందే మరి.